భార్గవి యాడుండాది?

పోయిన నెల మా ఆఫీసులో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. శ్రీకాళహస్తి పిల్ల. నా పేరు అడిగింది, చెప్పాను. ఊరు అడిగింది, నగరి అన్నాను. అంతే, కుర్చీలోంచి లేచి నిలబడి, "మేడమ్, ఆ నగరి భార్గవి మీరేనా?" అంది.

నేను సినిమాల్లో వేషం కట్టలేదు, ఎన్నికల్లో నిలబడలేదు. నా పేరు ముందు 'ఆ' అని పెట్టి చెప్పే మనిషి ఈ లోకంలో ఒక్కరే. తిరుపతి బస్టాండు దగ్గర, మిఠాయి అంగడి మేడ మీద పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పే మా సార్. ఎలా ఉన్నారని అడిగాను. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. ఎండాకాలంలో సార్ పోయారట. చివరి బ్యాచ్ వాళ్లదేనట. ఒంట్లో బాగాలేకపోయినా పాఠం మానలేదని, నా కథ చెప్పేటప్పుడు మాత్రం దగ్గు కూడా ఆపుకుని చెప్పేవారని అంది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి ఆయన కోసం కాసేపు ఏడుద్దామని కూర్చున్నాను. కుదరలేదు. ఆయన్ను తలచుకోగానే ముందు గుర్తుకొచ్చేది వాళ్ల అత్త.

మొదటి దినం సార్ చంకలో ఒక పటం పెట్టుకుని తరగతికి వచ్చారు. దేవుడి పటమేమో అనుకుని ముందు బెంచీలో ఒకరిద్దరు చెప్పులు కూడా విప్పారు. తీరా బల్ల మీద ఆనించి నిలబెడితే అది ఆయన పెళ్లి ఫోటో. రంగులు వెలిసిపోయి, అందరి ముఖాలూ ఒకే పసుపుపచ్చగా ఉన్నాయి. పీటల మీద దంపతులు, చుట్టూ బంధువులు.

"ఇదీ టపుల్ అంటే," అన్నారు సార్. "ఎవురు యాడ నిలబడినారో ఆడనే ఉంటారు. ఇంకోణ్ణి చేర్సలేం, ఉండేవోణ్ణి తీసెయ్యలేం. ఇదో, ఈ మూల పళ్లికిలిస్తా ఉండేది మా బామ్మర్ది. ఆయప్పకూ నాకూ మాటల్లేవు. పీకేద్దామంటే కుదరతాదా?"

టపుల్ గురించి నాకు ఈనాటికీ అంతకంటే మంచి వివరణ దొరకలేదు. ఒకదాని పక్కన ఒకటిగా పేర్చిన వరస. పేర్చాక ఇక మార్చడానికి వీల్లేదు. అందులో ఫలానాది ఎన్నో చోట ఉందో తెలియాలంటే కంప్యూటర్ను ఇండెక్స్ అని అడగాలి. అది ఎడమ చివర నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, దొరకగానే ఆగిపోయి, ఆ చోటు నంబరు చెబుతుంది. లెక్క సున్నాతో మొదలవుతుంది. ఫోటోలో ఎడమ చివర నిలబడింది సార్ వాళ్ల అత్త.

"కాబట్టి మా అత్త సున్నా," అనేవారు సార్.

ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో కనిపించే తృప్తి మరే పాఠంలోనూ కనిపించేది కాదు. ఏ పాఠం ఎత్తుకున్నా, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి అత్త దగ్గరికి వచ్చి ఆగేవారు. ఒకసారి వాళ్లావిడ సార్ మరిచిపోయిన కళ్లద్దాలు ఇవ్వడానికి మేడెక్కి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన ఆ వాక్యం మొదలుపెట్టి ఉన్నారు. గుమ్మంలో ఆమెను చూసి, "కాబట్టి మా అత్త... చానా మంచి మనిషి," అని ముగించారు. క్లాసంతా తలలు దించుకుని నవ్వాం.

ఫోటోలో లేని మనిషిని అడిగితే ఏమవుతుందని ఎవరో అడిగారు. సార్ మా చేత తాసీల్దారును వెతికించారు. మేం ఎంత వెతికినా తాసీల్దారు లేడు. "పెళ్లికే రానోడు ఫోటోలో యాడుంటాడు?" అన్నారు సార్. "కంప్యూటరయితే మీ మాదిరి గమ్మునుండదు. ఎర్రక్షరాలతో గొడవ జేస్తది, పని ఆపేస్తది. అందుకని ముందు వచ్చినాడా లేదా అని అడగల్ల. ఆమీట యాడుండాడని అడగల్ల."

మనిషి పొట్టి. చొక్కా చేతుల్లో కుడిది మాత్రం మడిచేవారు, ఎడమది మణికట్టు దాకా గుండీ పెట్టి ఉండేది. రాసే చెయ్యి ఒకటే గదా అనేవారు. దేన్ని వెతకాలన్నా చూపుడు వేలు గాలిలోకి లేచి ఎడమ నుంచి కుడికి పోవాల్సిందే. మిఠాయి అంగడి ముందు నిలబెట్టిన బండ్లలో తన స్కూటర్ కోసం కూడా ఎడమ చివరి బండి నుంచి ఒక్కొక్క సీటూ తాకుతూ వచ్చేవారు. ఆ రంగు స్కూటర్ తిరుపతి మొత్తానికి ఇంకొకటి ఉండేది కాదు.

మొదటి రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారో కోర్సు అయ్యేదాకా అక్కడే కూర్చోవాలి. అది ఆయన కట్టడి. ముందు బెంచీలో ఎడమ చివర కూర్చున్న పిల్ల పేరు కూడా భార్గవే. వాళ్లది చిత్తూరు, నాయనకు మామిడికాయల మండీ ఉంది. నేను నగరి నుంచి బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి వెనక బెంచీ మాత్రమే మిగిలింది. ఒకే పేరుతో ముందొకరు, వెనకొకరు. సార్‌కు పండగే అయింది. రోజూ పాఠం మా ఇద్దరితోనే మొదలు.

"భార్గవి యాడుండాది?" అనేవారు సార్.

సున్నాలో ఉందని క్లాసంతా ఒకే గొంతుతో చెప్పేది. నగరి భార్గవి ఏమైందంటే, ముందు భార్గవి దొరకగానే కంప్యూటర్ ఆగిపోయింది కాబట్టి కనపడలేదు అనేది. అయితే ఏం చేయాలంటే, సున్నాను దాటి వెతకమని చెప్పాలి అనేది. బడిలో ప్రార్థన మాదిరి రోజూ ఇదే. కనపడని భార్గవిని నేను, వెనక బెంచీలో నా గోళ్లు చూసుకుంటూ కూర్చునేదాన్ని.

ఈ సంగతి చిత్తూరు దాకా పోయింది. ఒకరోజు పాఠం మధ్యలో మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడైంది. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. మండీలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, గదంతా మామిడిపండ్ల వాసన. కూతుర్ని డబ్బు కట్టి చదువుకు పంపితే నలుగురిలో సున్నా అంటారా అని ఆయన సార్‌ను నిలదీశాడు. సార్ ఏమాత్రం తడబడకుండా పటం తీసి చూపించి, మా అత్తను కూడా సున్నా అనే అంటానన్నారు.

"మీ అత్త సంగతి మీకు తెలుసు. మా పాప సున్నా గాదు," అన్నాడు మండీ ఆయన.

సార్ ఆయన్ను కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద స్తంభాలు నాటే కథేదో చెప్పి, లెక్క ఎక్కడ మొదలవుతుందో వివరించారు. ఆయన చెవికి అందులో ఒక్క మాటే ఎక్కింది. "అయితే మా పాప తరవాతే మిగతా అందరూనా?" అని అడిగాడు. సార్ అవునన్నారు. మండీ ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అందరినీ ఒకసారి చూసి, దిగి వెళ్లిపోయాడు. మరుసటి వారం క్లాసుకు ఒక బుట్ట బేనీషా మామిడిపండ్లు వచ్చాయి. తన కూతురు క్లాసులో సున్నా అని మండీలో కనపడిన వాళ్లందరికీ చెబుతున్నాడని భార్గవి నాతో చెప్పుకుని తల పట్టుకుంది.

కోర్సు చివర్లో ఒక కంపెనీ తిరుపతిలో ఆఫీసు తెరుస్తూ, మా సార్ పెట్టే పరీక్షలో పాసైన వాళ్లను ఇంటర్వ్యూకు పిలుస్తామంది. కంప్యూటర్ మీదే పరీక్ష. మార్కులు చూపించే ప్రోగ్రాం సారే రాశారు. పేర్లన్నీ ఒక టపుల్, అదే వరసలో మార్కులన్నీ ఇంకో టపుల్. పేరు చోటు కనుక్కుని, ఆ చోట ఉన్న మార్కు తీసుకోవడం. ఫలితాలు మెట్ల దగ్గర గోడకు అంటించారు. నేను ఫెయిల్.

బాగా రాశానని నాకు తెలుసు. అయినా గోడ మీద అచ్చులో కనపడేసరికి, నాకు తెలిసిందే తప్పనుకున్నాను. ఎవరితోనూ చెప్పకుండా నగరి బస్సెక్కాను. ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టాను. మాది పవర్‌లూమ్ ఇల్లు. ఇంకొకరిని మగ్గం పనికి పెట్టుకోవాలని చూస్తున్న నాయన ఆ మాట మానుకుని, నూలు కండెలు చుట్టే మిషన్ ముందు నాకొక పీట వేశాడు. చదువు అక్కడితో అయిపోయిందని ఇద్దరికీ అర్థమైంది.

తిరుపతిలో ఆ తర్వాత ఏం జరిగిందో చిత్తూరు భార్గవి చెప్పింది. తను ఫెయిలైనందుకు ఆ పిల్లకు పెద్ద బాధేమీ లేదు, మండీ ఎలాగూ ఉంది. ఇంటర్వ్యూలకు ముందు రోజు పొద్దున సర్టిఫికెట్ కోసం వచ్చి, టీ తాగుతున్న సార్‌తో ఊరికే మాటవరసకు అందట. "సార్, నాకూ నగరి భార్గవికీ పేరే గాదు, మార్కులు గూడా ఒకటే వచ్చినాయి."

సార్ గ్లాసు కింద పెట్టారట. చూపుడు వేలు దానంతటది గాలిలోకి లేచి, ఎడమ చివర ఆగిపోయిందట. కుడికి పోలేదట. "నేనే గదమ్మా రోజూ చెప్పింది," అన్నారట. తర్వాత చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బస్టాండుకు పోయారట.

నా ఫోన్ మోగదు. నాయన ఫోన్ మగ్గాల షెడ్డులో మేకుకు వేలాడుతుంటుంది, ఆ చప్పుళ్లలో మోగినా ఎవరికీ వినపడదు. పుత్తూరు మీదుగా నగరికి వచ్చి దిగిన సార్‌కు మా వీధి పేరు తెలియదు. భార్గవి ఇల్లు ఎక్కడని ఒక టీ అంగట్లో అడిగారు. వాళ్లు చేయి పట్టుకుని తీసుకుపోయి మొదట తగిలిన భార్గవి ఇంట్లో కూర్చోబెట్టారు.

ఆ ఇంట్లో బీఈడీ చదువుతున్న భార్గవికి సంబంధాలు చూస్తున్నారు. పెద్దాయన సార్‌కు కుర్చీ వేసి, ఏ ఊరి నుంచని అడిగాడు. తిరుపతి అన్నారు సార్. జీతం ఎంతని అడిగితే, మొదట్లో తక్కువే, పోనుపోను పెరుగుతుందన్నారు. పాపను ఉద్యోగానికి పంపుతారా అని అడిగితే, పంపేదానికే గదా వచ్చింది అన్నారు. ఇంట్లో అందరి ముఖాలూ విప్పారాయి. వడలు వచ్చాయి, కాఫీ వచ్చింది. చివరికి పట్టుచీర కట్టుకుని పిల్ల వచ్చింది. సార్ తలెత్తి చూసి, "ఈ భార్గవి గాదే," అన్నారు.

ఆ ఇంటి వాళ్లు మాతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. ఎలాగైతేనేం, పెద్దాయన వీధి చివరిదాకా వచ్చి మా షెడ్డు వైపు చేయి చూపించి, వీడ్కోలు చెప్పకుండా వెనక్కి తిరిగాడట.

నేను కండెలు చుడుతూ తలెత్తేసరికి గుమ్మంలో సార్. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది, కుడి చేయి మడత మాత్రం చెక్కుచెదరలేదు. ఏదో చెబుతున్నారు, పెదాలు కదలడం తప్ప ఏమీ వినపడటం లేదు. నాయన చెవి దగ్గర చేయి పెట్టుకుని దగ్గరికి పోయాడు. సార్ గొంతు పెంచారు. ఇంకా పెంచారు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో, "మీ పాప గాదప్పా, నేను ఫెయిలయినాను," అన్న కేక వీధి వీధంతా వినపడింది. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి, ఈ వయసులో ఈయన ఏం పరీక్ష రాశాడో అని చూశారు.

సార్ అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పారు. నాయన విని, "అయితే మిషన్ అబద్ధం చెప్పిందా సార్?" అని అడిగాడు.

"లేదప్పా. భార్గవి యాడుండాదని అడిగినా. ముందు కనపడిన భార్గవి మార్కునే రెండుచోట్లా చూపించింది. ఏ భార్గవి అని నేను సరిగ్గా అడగలా."

ఇంటర్వ్యూలు రేపే. కంపెనీకి ఫోన్ చేస్తే పేర్లు ఖాయమైపోయాయి, ఇక కుదరదన్నారట. అయినా నన్ను వెంటబెట్టుకుని పోతానన్నారు సార్. నాయన తెగిన పోగును వేళ్ల మధ్య నలిపాడు.

"ఈ పిల్ల వచ్చిన్నాటి నుంచి సరిగ్గా అన్నం తినలా సార్. రేపు పిలుసుకోని పోయి, ఆడ గూడా కాదంటే? ఇంకోసారి ఆ మొగం నేను సూళ్లేను."

సార్ ధైర్యం చెబుతారనుకున్నాను. ఆయన చెప్పలేదు. "అంటారేమో," అన్నారు. "నాకు తెలీదప్పా. పోయి వాళ్లెదురుగా నిలబడతా. అంతకు మించి నా చేతిలో ఏం లేదు."

ఆ మాట విన్నాక నాయన లేచాడు. కరెంటు వచ్చినా మగ్గం వేయకుండా లోపలికి పోయి ఉతికిన చొక్కా తీసి దండెం మీద వేశాడు. తనూ వస్తానన్నాడు.

మర్నాడు తిరుపతిలో ఒక హోటల్ మేడ మీద ఇంటర్వ్యూలు. కంపెనీ తరఫున వచ్చిన మేడమ్ నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. నా పేరు లేదని మర్యాదగానే చెప్పింది. తప్పు తనదని, శిక్ష ఈ పిల్లకు పడిందని, మార్కులు నమ్మొద్దని, మీరే అడిగి చూసుకోండని సార్ బతిమాలారు. ఏం తప్పని ఆమె అడిగింది. సార్ గొంతు సవరించుకుని, సంచిలోంచి పటం బయటికి తీయబోయారు. ఆమె ఆగమని చేయి చూపించి, "మీరు బయట కూర్చోండి. ఈ అమ్మాయి చెప్పనివ్వండి," అంది.

ఆ తప్పే నాకు ఇంటర్వ్యూ ప్రశ్న అయింది. తలుపు ఓరగా ఉంది. బయట బెంచీ మీద సార్, పక్కన నాయన. నేను బోర్డు మీద రెండు వరసలు రాసి, పేర్లు ఇక్కడ, మార్కులు ఇక్కడ అని చూపించి, పేరుతో వెతికితే ఎందుకు ఎప్పుడూ మొదటి భార్గవే వస్తుందో చెప్పాను. ఎలా సరిచేస్తావని అడిగింది. సున్నాను దాటి వెతకమనాలి అని నోటి చివరిదాకా వచ్చింది. అన్నాళ్లూ రోజూ విన్న జవాబు అదే. కానీ బోర్డు వైపు చూస్తుంటే అది సరిపోదనిపించింది.

"మా సార్ చెప్పింది ఇద్దరు భార్గవులకు సరిపోతుంది మేడమ్," అన్నాను. "ముగ్గురుంటే మూడో అమ్మాయి మళ్లీ కనపడదు. అసలు పేరుతో వెతకడమే తప్పు. రెండు వరసలనూ జతగా నడుపుకుంటూ పోతే వెతికే పనే ఉండదు. ఎవరి మార్కు వాళ్ల పక్కనే వస్తుంది."

తలుపు అవతలి నుంచి, "అదీ నిజమే," అని సార్ గొంతు వినపడింది. ఆ వెంటనే నాయన ఆయన్ను ఊరుకోమంటున్న చప్పుడు. మేడమ్ నవ్వాపుకోలేక పెన్ను కింద పెట్టేసింది. తర్వాత ఇంకా చాలా అడిగింది, అన్నిటికీ చెప్పలేకపోయాను. వచ్చినవి చెప్పాను, రానివి రావన్నాను. చివరికి తన కాగితం అడుగున నా పేరు రాసుకుంది. ఇనిషియల్ అడిగి మరీ రాసుకుంది.

ఉద్యోగం వచ్చిందని మాట చెప్పి పంపారు. ముగ్గురం కింద భోజనానికి కూర్చున్నాం. నాయన ఇంకా నమ్మలేనట్టు నా వైపే చూస్తున్నాడు. సార్ ఆకలి మీద ఉన్నారు, ముందు రోజు ఆ భార్గవి ఇంట్లో తిన్న వడల తర్వాత సరిగ్గా తిన్నట్టు లేరు. సాంబారు రెండోసారి పోయించుకుంటున్నప్పుడు నాయన మెల్లగా అడిగాడు.

"అది సరే సార్. ఇంతకీ మా పాపకు వచ్చిన మార్కెంత?"

సార్ చెయ్యి ముద్దతో సహా ఆగిపోయింది. విస్తరి వైపు చూశారు, నా వైపు చూశారు.

"సూళ్లేదప్పా," అన్నారు.

"సూడకుండానే మా ఊరికి వచ్చేసినారా? పాసయిందని ఎట్ల తెలుసు మీకు?"

"ఈ పాపను రోజూ సూస్తా ఉన్నా గదా," అన్నారు సార్. అంతలోనే ఆయనకే భయం పుట్టినట్టుంది. ముద్ద విస్తట్లో పెట్టేసి, ఇప్పుడే మిఠాయి అంగడి మేడకు పోయి కంప్యూటర్లో చూసి వస్తానని చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

నాయన ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. సార్ మళ్లీ లేవబోయారు. మళ్లీ కూర్చోబెట్టాడు. నాయన అంత నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

"సూడబాకండి సార్," అన్నాడు. "అన్నం తినండి."

ఆ తర్వాత సార్ చూసే ఉంటారు. చూడకుండా ఉండగలిగే మనిషి కాదు. నాకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా మార్కెంతో నాకు ఈనాటికీ తెలియదు.